డ్వాక్రా గ్రూపు కారం యూనిట్: ప్రాజెక్టు రిపోర్టు బ్యాంకు నుంచి వెనక్కొచ్చింది, ఏం మార్చాలి?

కొర్నెపాడు కోడలు
అందరికీ నమస్కారం అండి. మాది వట్టిచెరుకూరు మండలం. గ్రూపులో పదిమందిమి. కొన్నేళ్లుగా ముచ్చికలు తీసి, ఎండబెట్టి, ఊళ్లో మరకి వేసి కారం తయారుచేసి గుంటూరు అపార్ట్‌మెంట్లకీ, హైదరాబాదులో ఉన్న మావాళ్లకీ పంపుతున్నాం. కిలో 300కి నేరుగా అమ్ముతాం. ఆవకాయల రోజుల్లో అడిగినవాళ్లందరికీ ఇవ్వలేకపోతున్నాం. అందుకే సొంత యూనిట్ పెడదామని గ్రూపులో తీర్మానం చేసుకున్నాం.

కేంద్రం వాళ్ల సూక్ష్మ ఆహార శుద్ధి పథకం (పీఎంఎఫ్ఎంఈ) కింద 35 శాతం సబ్సిడీ ఉందని తెలిసి, ఒకాయన చేత రిపోర్టు రాయించాం. సోలార్ డ్రైయరు, దంపుడు మిషను, పల్వరైజరు (వేగంగా పొడి చేసే మిషను), ప్యాకింగు మిషను కలిపి 14 లక్షలు. షెడ్డు 4 లక్షలు. వర్కింగ్ క్యాపిటల్ (సరుకు కొనడానికీ, రోజువారీ ఖర్చులకీ) 2 లక్షలు. మొత్తం 20 లక్షలు. మా వాటా 2 లక్షలు, బ్యాంకు లోను 18. రోజుకి క్వింటా కారం తీస్తామని రాశారు.

జిల్లా కమిటీలో ఓకే అయింది. మేమంతా సంతోషపడ్డాం. తీరా బ్యాంకుకి వెళితే మేనేజరుగారు రెండు పేజీలు తిరగేసి "ఇది వయబుల్ కాదమ్మా" అని ఫైలు ఇచ్చేశారు. ఎందుకు కాదో చెప్పలేదు. ఏం మార్చాలో తెలిసినవాళ్లు చెప్పండి. మేం దీన్ని వదిలిపెట్టేది లేదు.

తెనాలి తమ్ముడు
అక్కా, బ్రాంచి మార్చండి. ఒకచోట కాదన్నది ఇంకోచోట అవుతుంది. కేంద్రం వాళ్ల ఉపాధి కల్పన పథకం (పీఎంఈజీపీ)లో కూడా పెట్టొచ్చు. తయారీ యూనిట్లకి 50 లక్షల దాకా ప్రాజెక్టు ఒప్పుకుంటారు. పల్లెల్లో మహిళలకి 35 శాతం సబ్సిడీ, మన వాటా 5 శాతం చాలు.

బ్రాడీపేట మేనేజరు
అమ్మా, నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. ఇలాంటి ఫైళ్లు చాలా చూశాను. బ్రాంచి మార్చేముందు మీ కాగితంలో లెక్క ఒకటి చూద్దాం. మేనేజరుగారు చెప్పాల్సింది చెప్పలేదు గానీ, ఆయన ఎక్కడ ఆగిపోయాడో నాకు అర్థమైంది.

రోజుకి క్వింటా కారం అన్నారు. ముచ్చిక, తాలు (రంగు పోయిన నాసి కాయ), దుమ్ము పోగా క్వింటా కాయకి 90 కిలోల కారం వస్తుందనుకుందాం. అంటే రోజుకి 110 కిలోల ఎండుకాయ కావాలి. కాయ క్వింటా 15 వేలు వేసుకోండి. మీరు చూపించిన 2 లక్షలకి 13 క్వింటాళ్లు వస్తాయి. అవి 12 రోజుల్లో అయిపోతాయి. పదమూడో రోజున మిషను ఎలా తిరుగుతుంది?

మిర్చి అన్ని రోజులూ ఒకే రకంగా దొరికే సరుకు కాదు. కొత్త కాయ జనవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తుంది. మిగతా ఎనిమిది నెలలకి సరిపడా సరుకు సీజనులోనే కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలి. మీ లెక్క ప్రకారం ఏడాదికి 330 క్వింటాళ్లు కావాలి. అందులో ఎనిమిది నెలలది 220 క్వింటాళ్లు. అంటే 33 లక్షల సరుకు! మిషన్ల కంటే రెట్టింపు డబ్బు కాయల్లో ఉండాలి. మీ రిపోర్టులో ఆ డబ్బు ఊసే లేదు. ఏ మేనేజరైనా మొదట చూసేది అదే.

కమిటీ ఓకే అంటే లోను సాంక్షన్ అయినట్టు కాదు. "ఈ యూనిట్ పథకానికి అర్హమే, బ్యాంకు పరిశీలించవచ్చు" అని సిఫార్సు చేయడం అంతే. డబ్బు ఇచ్చేది బ్యాంకు, రాకపోతే తల పట్టుకునేదీ బ్యాంకే.

కొర్నెపాడు కోడలు
సార్, ఇంత వివరంగా మాకెవరూ చెప్పలేదు. పదమూడో రోజు మాట చదివి గ్రూపులో అందరం మళ్లీ కూర్చున్నాం. మరి ఆ వర్కింగ్ క్యాపిటల్‌కి కూడా సబ్సిడీ వస్తుందా?

గవర్నరుపేట ఆడిటర్
రాదండి. ఈ పథకంలో సబ్సిడీ లెక్క మిషనరీకి, టెక్నికల్ సివిల్ పనికి (షెడ్డు లాంటి కట్టడానికి) మాత్రమే. సివిల్ పని కూడా అర్హమైన ఖర్చులో 30 శాతం దాటకూడదు. స్థలం ఖరీదు లెక్కలోకి రాదు. మీ మిషన్లూ షెడ్డూ కలిపి 18 లక్షలు, దాని మీద 35 శాతం అంటే 6 లక్షల 30 వేలు. యూనిట్‌కి పరిమితి 10 లక్షలు కాబట్టి మీరు దాని లోపే ఉన్నారు.

కానీ ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఆ 6 లక్షల 30 వేలు మీ చేతికి రావు. బ్యాంకులో మీ లోను పక్కన వేరే ఖాతాలో పెడతారు. ఆ మేరకు మీకు వడ్డీ పడదు. లోను చివరి విడత విడుదలైన నాటి నుంచి మూడేళ్లు యూనిట్ నడిచి, ఖాతా ఎన్‌పీఏ (మొండిబాకీ) కాకుండా ఉంటే అప్పుడు లోనులో సర్దుతారు. "సబ్సిడీ రాగానే కాయ కొంటాం" అని ఎవరైనా ప్లాన్ వేసుకుంటే అది జరిగే పని కాదు. పీఎంఈజీపీలో కూడా మూడేళ్ల డిపాజిట్ పద్ధతే. కనుక తెనాలి తమ్ముడూ, పథకం మార్చినంత మాత్రాన ఈ చిక్కు తీరదు.

ఇంకొకటి. గ్రూపు సభ్యులకి ఇదే పథకంలో సీడ్ క్యాపిటల్ (మొదలుపెట్టడానికి ఇచ్చే పెట్టుబడి) ఉంది, మనిషికి 40 వేల దాకా. పదిమందికి 4 లక్షలు. చిన్న పనిముట్లకీ, వర్కింగ్ క్యాపిటల్‌కీ వాడుకోవచ్చు. అది మీ సమాఖ్య ద్వారా వస్తుంది, గ్రూపుకి తిరిగి కట్టాలి. వెలుగు ఆఫీసులో అడిగారా?

కొర్నెపాడు కోడలు
లేదండి, ఆ సంగతి మాకు తెలియదు. సోమవారం మా విఓ (గ్రామ సమాఖ్య) లీడరుగారితో వెళ్లి అడుగుతాం.

లాం రోడ్డు
నా మాట కూడా వినండి. నేను వ్యవసాయం చదివాను. ఇందులో అసలు విలువ డ్రైయర్‌దే, దాన్ని మాత్రం తీసేయకండి. కళ్లంలో నేల మీద ఆరబోస్తే వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మధ్యలో ఒక్క వాన పడినా, మంచు ఎక్కువైనా బూజు వస్తుంది. అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) మొదలయ్యేది అక్కడే. యూరప్‌లో మసాలా సరుకుకి అఫ్లాటాక్సిన్ బి1 కిలోకి 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 దాటకూడదు. మన కాయ అంత పేరున్నదైనా ఎగుమతిలో దెబ్బతినేది ఇక్కడే. డ్రైయర్‌లో ఆరబెట్టిన కాయతో చేసిన కారం అంటే మీకంటూ ఒక గుర్తింపు వస్తుంది.

పేరేచర్ల మిల్లు
తమ్ముడూ, నువ్వు చెప్పింది సబబే గానీ లెక్క వేసి చూడు. పండుకాయలో నీళ్లు 75 శాతం ఉంటే, 100 కిలోలు ఆరబెట్టి 11 శాతానికి తెస్తే 28 కిలోలు మిగులుతుంది. వాళ్లకి కొటేషన్ ఇచ్చిన డ్రైయరు ఎంత పడుతుంది? 500 కిలోలు అనుకుందాం. ఒక్క వాయికి 140 కిలోల ఎండుకాయ. వాయికి మూడు నాలుగు రోజులు. సీజను నాలుగు నెలల్లో ముప్పై నలభై వాయిలు. ఎంత లాగినా 56 క్వింటాళ్లు దాటదు. మిగతా ఎనిమిది నెలలు డ్రైయరు ఖాళీ. వాయిదా మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి.

నేను కారం మిల్లు నడుపుతున్నాను. మొదట్లో నాకున్నది ఒక దంపుడు మిషను, ఒక పల్వరైజరు. ఊళ్లవాళ్లకి కూలికి ఆడుతూ, పక్కన మా సరుకు కొంచెం కొంచెం పెంచుకుంటూ వచ్చాను. అక్కా, మీకు నా సలహా ఇదే: మొదటి విడతలో డ్రైయరు వద్దు. మంచి ఎండుకాయ కొనండి. మిషను తిరగనివ్వండి.

దంపుడు మిషను గురించి ఒక మాట. పల్వరైజరు వేగంగా ఆడుతుంది గానీ కారం వేడెక్కుతుంది. వేడెక్కితే రంగు తగ్గుతుంది, వాసన పోతుంది. దంపుడు మిషను, అంటే రోకళ్లది, నిదానం, కానీ ఇళ్లల్లో వాడేవాళ్లు ఆ కారమే కావాలంటారు. మీ ఖాతాదారులు ఎవరో మీకు తెలుసు కాబట్టి మీకు రోకళ్లదే ముఖ్యం. సప్లయర్ కొటేషన్‌లో "గంటకి ఇన్ని కిలోలు" అని రాస్తాడు, అది ఏ కాయతో, ఎంత తేమతోనో అడగండి. వీలైతే మీ కాయ ఒక టిక్కీ (బస్తా) తీసుకెళ్లి వాళ్ల షెడ్డులోనే ఆడించి చూడండి. జల్లెడలో మిగిలిన పొట్టు కూడా తూకం వేయండి. ఆ తూకం చూశాకే డబ్బు మాట్లాడండి.

లాం రోడ్డు
వాయిల లెక్క నేను ఆలోచించలేదు అన్నా, ఒప్పుకుంటున్నాను. కానీ రెండో విడతకి డ్రైయర్‌ని తీసి పారేయకండి అక్కా. వ్యవసాయ మౌలిక వసతుల నిధి (ఏఐఎఫ్) అని ఇంకొకటి ఉంది. 2020లో లక్ష కోట్లతో పెట్టారు. 2 కోట్ల దాకా లోను మీద ఏడేళ్లపాటు వడ్డీలో 3 శాతం తగ్గింపు. ఆరబెట్టడం, గ్రేడింగ్ లాంటివి దాని కిందికి వస్తాయి. కళ్లాల దగ్గర రైతులంతా కలిసి వాడుకునే డ్రైయర్‌కి అదే సరైన దారి. కొత్త లోన్లు తీసుకుంటున్నారో లేదో ముందుగా పోర్టల్‌లో చూసుకోవాలి.

దుగ్గిరాల పసుపు
డ్రైయరు ఖాళీ అన్నారు కదా, పసుపుకి వాడొచ్చుగా?

పేరేచర్ల మిల్లు
పసుపు కూడా ఆ నెలల్లోనే కదండీ వచ్చేది. మునగాకు, కరివేపాకు అయితే ఏడాది పొడుగునా ఉంటాయి. కానీ వాటికి కొనేవాళ్లు ముందు ఖాయం కావాలి.

యార్డు గుమస్తా
మిర్చి యార్డులో కమిషన్ కొట్లో పనిచేస్తాను. కాయ కొనే విషయంలో రెండు మాటలు. టిక్కీ పైనున్న కాయ చూసి ధర కట్టకండి. మధ్యలోకి చెయ్యి పెట్టి తీయించండి. చేతికి మెత్తగా తగిలితే తేమ ఉన్నట్టు, పగలగొడితే గలగలమని గింజ రాలాలి. తాలు వేరుగా, కాయ వేరుగా అడిగితే ఇస్తారు. ఇంటి వాడకం కారానికి తేజ రకం ఒక్కటే వేస్తే మంట ఎక్కువవుతుంది. 334 రకం గానీ సన్నం రకం గానీ కలుపుకోవాలి. పాళ్లు మీ చేతి మీద ఆధారపడి ఉంటాయి.

మే నెలలో యార్డుకి సెలవులు ఇస్తారు. ఆవకాయలకి అందరూ కారం అడిగేది సరిగ్గా అప్పుడే. ఏప్రిల్ లోపే సరుకు మీ దగ్గర ఉండాలి.

లేబుల్ మీద "గుంటూరు సన్నం" అని వేయాలనుకుంటే తొందరపడకండి. దానికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు వాడటానికి అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకోవాలి.

తెనాలి తమ్ముడు
ధర 15 వేలు అని లెక్క వేశారు. అది పడిపోతే మీకు లాభమే కదా?

యార్డు గుమస్తా
పెరిగితే? 2023లో 20 వేలు దాటి అమ్మింది కాయ. 2025 ఫిబ్రవరికి ఎంత పడిపోయిందంటే కేంద్రం మార్కెట్ జోక్యపు పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. రెండేళ్లలో ఇంత ఊగే సరుకు ఇది. రిపోర్టులో ఒక్క ధర రాసి ఐదేళ్లూ అదే వేస్తే ఎవరు నమ్ముతారు?

బ్రాడీపేట మేనేజరు
ఇప్పుడు మాట దారికొచ్చింది. అమ్మా, డ్రైయరు తీసేసి, రోజుకి 40 కిలోలతో మొదలుపెడతారనుకుని మళ్లీ వేద్దాం. మిషన్లూ షెడ్డూ అన్నీ కలిపి 11 లక్షల చిల్లర. లోను 10 లక్షలు అనుకోండి. 11 శాతం వడ్డీ, ఐదేళ్లు. నెలకి వాయిదా సుమారు 21,750. ఏడాదికి 2 లక్షల 60 వేలు.

మీరు సరిగ్గా 2 లక్షల 60 వేలు సంపాదిస్తే బ్యాంకుకి సరిపోదు. రూపాయి కట్టాల్సినచోట రూపాయిన్నర చేతిలో ఉందా అని చూస్తారు. దాన్నే డీఎస్‌సీఆర్ అంటారు. అంటే అన్ని ఖర్చులూ పోగా ఏడాదికి 3 లక్షల 90 వేలు మిగలాలి. రోజుకి 40 కిలోలు, నెలకి 25 రోజులు, ఏడాదికి 12 వేల కిలోలు. కిలోకి 33 రూపాయలు మిగలాలన్నమాట.

మిగులుతుందా? కాయ కిలో 150 అయితే కిలో కారానికి 167 రూపాయల కాయ పడుతుంది. షాపులకి 240కి ఇస్తే 73 మిగులుతుంది. ప్యాకెట్టు 8, కూలి 15, కరెంటు, రిపేర్లు 6, రవాణా 8. పోగా 36. ఒడ్డున పడ్డారు. అదే కాయ 180కి పోతే? కాయ ఖర్చే 200 అవుతుంది, మీకు మిగిలేది 3 రూపాయలు. ఇంకా ధర పెంచకపోతే మునిగినట్టే.

ఈ రెండు లెక్కలూ రిపోర్టులో పక్కపక్కన పెట్టండి. 180 అయితే ఏం చేస్తారో కింద రాయండి. నేరుగా 300కి అమ్మేది ఎంత, షాపులకి ఇచ్చేది ఎంత, కూలికి ఆడేది ఎంత, విడివిడిగా చూపించండి. మీకు నేరుగా కొనేవాళ్లు ఉన్నారు, అది మీ బలం. అది రిపోర్టులో ఒక్క వాక్యం కూడా లేదు. ఎవరెవరికి ఏ నెలలో ఎన్ని కిలోలు పంపారో నోటు పుస్తకం ఉందా? ఫోన్‌పేలో వచ్చిన డబ్బుల స్టేట్‌మెంటు ఉందా? అవి జతచేయండి. ముద్రించిన నలభై పేజీల కంటే ఆ నోటు పుస్తకం జిరాక్సుకే నేనైతే ఎక్కువ విలువ ఇస్తాను.

కొర్నెపాడు కోడలు
నోటు పుస్తకం ఉంది సార్. మొదటి రోజు నుంచీ రాస్తున్నాం. పేరు, కిలోలు, డబ్బు, బాకీ అన్నీ. ఇవాళ రిపోర్టు మళ్లీ తెరిచి చదివాను. మిషన్ల పేజీలో రెండుచోట్ల "జీడిపప్పు గ్రేడింగ్" అని ఉంది. ఎవరిదో రిపోర్టులో మా పేర్లు మార్చి ఇచ్చారండి. చాలా బాధేసింది.

గవర్నరుపేట ఆడిటర్
ఇలాంటివి రోజూ చూస్తున్నాం. ఆ డబ్బు పోయిందని వదిలేయండి. ఈ పథకంలో జిల్లా రిసోర్స్ పర్సన్లు ఉంటారు. రిపోర్టు, బ్యాంకు కాగితాలు, ఆహార భద్రత లైసెన్సు దాకా సాయం చేయడం వాళ్ల పని. వాళ్లకి పథకమే డబ్బు ఇస్తుంది, మీరు ఇవ్వక్కర్లేదు. మన రాష్ట్రంలో ఏపీ ఫుడ్ ప్రాసెసింగ్ సొసైటీ దీన్ని చూస్తుంది. ఈ ఏడాది కోటా ఉందా అని వాళ్లనే ముందు అడగండి. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు) కూడా పూర్తిగా ఉచితం, ఎవరైనా వెయ్యి రెండు వేలు అడిగితే ఇవ్వకండి.

షెడ్డు ఎవరి స్థలంలో? లీజు అయితే లోను గడువు కంటే ఎక్కువ ఏళ్లకి రిజిస్టర్ చేయించాలి. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయకపోతే చెల్లదు. తెల్లకాగితం మీద రాసుకున్నది బ్యాంకు తీసుకోదు.

కొర్నెపాడు కోడలు
మా గ్రూపులో ఒకావిడ స్థలం ఇస్తానన్నారు. రిజిస్టర్ చేయిస్తాం. కాయకి డబ్బు ఎలా అన్నదే ఇంకా తేలలేదు. 40 కిలోల లెక్కకి కూడా ఎనిమిది నెలల కాయ 13 లక్షలు అవుతోంది.

పేరేచర్ల మిల్లు
అక్కా, మీ పదిమందిలో మిర్చి వేసేవాళ్లు ఎందరు?

కొర్నెపాడు కోడలు
ఏడుగురి ఇళ్లలో వేస్తారు అన్నా.

పేరేచర్ల మిల్లు
అయితే సగం దారి దొరికింది. మీ ఇళ్ల కాయ కోల్డ్ స్టోరేజీలో ఎలాగూ పెడతారు. సీజనులో సగం డబ్బు ఇచ్చి, మిగతాది కారం అమ్మాక ఇచ్చేలా గ్రూపులో కాగితం రాసుకోండి. ధర ఏ రోజుది అన్నది ముందే తేల్చుకోండి. గొడవలు వచ్చేది అక్కడే. సరుకు ఇచ్చిన రోజు యార్డు ధర అని రాసుకుంటే ఎవరికీ అన్యాయం ఉండదు. మిగతా కాయకి కోల్డ్ స్టోరేజీ బాండు (సరుకు పెట్టినందుకు ఇచ్చే రసీదు) మీద లోను తీసుకోవచ్చు. బాండు ఎవరి పేరున ఉంటే లోను వాళ్లకే వస్తుంది, అది చూసుకోండి.

బ్రాడీపేట మేనేజరు
ఇదీ రిపోర్టులో రాయండి. ఏడు ఇళ్ల నుంచి ఇన్ని క్వింటాళ్లు, ఈ షరతు మీద అని సంతకాలతో. టర్మ్ లోను వాయిదాలు నెలనెలా కాకుండా మీ అమ్మకాలు ఎక్కువగా ఉండే నెలలకి తగ్గట్టు పెట్టమని అడగండి. మొదట ఆరు నెలలు మోరటోరియం (వాయిదా కట్టక్కర్లేని గడువు) అడగండి. అడిగితేనే ఇస్తారు.

పూచీ గురించి: మీ 10 లక్షల లాంటి చిన్న పరిశ్రమల లోనుకి ఆస్తి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది. సీజీటీఎంఎస్‌ఈ (చిన్న పరిశ్రమల లోన్లకి పూచీ ఉండే ట్రస్టు) గ్యారంటీ కింద ఇవ్వమని దరఖాస్తులోనే రాయండి. 

ఈసారి ఫైలు చేతికి ఇచ్చి రాకండి. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. 25 లక్షల లోపు చిన్న పరిశ్రమల లోనుకి, కాగితాలన్నీ సరిగా ఉంటే, 14 పనిరోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి. కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇవ్వకపోతే లీడ్ డిస్ట్రిక్ట్ మేనేజరుకి (జిల్లాలో బ్యాంకుల పనిని సమన్వయం చేసే అధికారికి) రసీదు నకలు జతచేసి రాయండి. అదే బ్రాంచికి వెళ్లండి అంటాను నేను. మీ గ్రూపు పొదుపు ఖాతా, పాత లోన్లు కట్టిన చరిత్ర అక్కడే ఉన్నాయి. కొత్త బ్రాంచి అయితే మొదటి నుంచీ నమ్మకం కుదరాలి.

తెనాలి తమ్ముడు
బ్రాంచి మార్చమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా. రసీదు సంగతి నాకూ పనికొస్తుంది.

కొర్నెపాడు కోడలు
సార్, వెలుగు ఆఫీసుకి వెళ్లొచ్చాం. సీడ్ క్యాపిటల్‌కి గ్రూపు తీర్మానం, పదిమంది ఆధార్‌లు, ఏం తయారుచేస్తున్నామో వివరం అడిగారు. తీర్మానం రాసేశాం. రిసోర్స్ పర్సన్‌గారు గురువారం మా ఊరు వస్తున్నారు. నోటు పుస్తకం నెలలవారీగా తెల్లకాగితం మీదికి ఎక్కిస్తున్నాం. ఏప్రిల్, మే నెలల్లోనే ఏడాది అమ్మకంలో సగం దగ్గర కనిపిస్తోంది. కాయ 180 అయితే ఏం చేస్తాం అన్నదానికి, షాపులకి ఇచ్చేది తగ్గించి నేరుగా అమ్మేదానికీ కూలికి ఆడేదానికీ మొగ్గుతామని రాశాం. సరిపోతుందా?

బ్రాడీపేట మేనేజరు
సరిపోతుంది, కానీ అంకెలతో రాయండి. 180 ధరకి షాపుల వాటా ఎన్ని కిలోలకి తగ్గుతుంది, కూలికి ఆడితే కిలోకి ఎంత వస్తుంది, రెండూ కలిపి 3 లక్షల 90 వేలకి ఎంత దగ్గరగా చేరతారు. చేరకపోతే చేరలేదనే రాయండి, ఆ ఏడాది గ్రూపు పొదుపులోంచి ఎంత సర్దుతారో పక్కన వేయండి.

పేరేచర్ల మిల్లు
గురువారం రిసోర్స్ పర్సన్ వచ్చినప్పుడు కరెంటు సంగతి కూడా తేల్చుకోండి అక్కా. కొటేషన్‌లో మోటార్ల హెచ్‌పీ మొత్తం కూడి, ఆ లోడుకి త్రీ ఫేజు ఇవ్వడానికి మీ వీధి ట్రాన్స్‌ఫార్మరు సరిపోతుందా అని సీపీడీసీఎల్ (కరెంటు సంస్థ) సెక్షన్ ఆఫీసులో అడగండి. కొత్తది వేయాలంటే ఆ ఖర్చు మీ మీదే పడుతుంది, అది ప్రాజెక్టు ఖర్చులో ఇప్పుడే ఉండాలి. దంపుడు మిషను ఆడించి చూడటానికి రావాలంటే మా మిల్లుకి రండి, ఆదివారం తప్ప ఎప్పుడైనా సరే. మీ కాయే తెచ్చుకోండి.

కొర్నెపాడు కోడలు
శుక్రవారం నలుగురం వస్తున్నాం అన్నా. తేజ ఒక టిక్కీ, 334 ఒక టిక్కీ తెస్తున్నాం.